తేదీ కాగితం వెనక పక్క

మా పెద్దమ్మ గొప్ప రచయిత్రి. ఈ మాట నేను కనకమ్మ సత్రం బస్టాండులో నిలబడి గట్టిగా అన్నా ఎవరూ కాదనరు. తిరుత్తణి బస్సు వచ్చిందంటే అక్కడ ఎవరి గోల వాళ్లది కాబట్టి వినేవాళ్లే ఉండరు. ఆమె పుస్తకం కూడా అచ్చయింది. దాన్ని తెలుగులో చదవగలిగినవాళ్లు మా చుట్టాల్లో ఇద్దరం ఉన్నాం. ఒకణ్ణి నేను. ఇంకొకాయన మా తెలుగువాళ్ల సంఘం కార్యదర్శి, ఆయన పెదాలు కదుపుతూ కూడబలుక్కుంటాడు. పుస్తకం రాసినావిడకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

మా ఊళ్ల సంగతి తెలియనివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మేం ఈ తమిళ సీమకు ఎప్పుడొచ్చామో మాకే సరిగా తెలియదు. రాయల కాలంలో వచ్చామని తాతలు చెప్పుకునేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. బడిలో నేర్చుకున్నది తమిళ అక్షరాలు కాబట్టి మావాళ్లు తెలుగు ఉత్తరం రాసినా ఆ అక్షరాల్లోనే రాస్తారు. చిక్కేమిటంటే, తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. త, ద ఒకటే. ప, బ ఒకటే. ట, డ ఒకటే. ఖ, భ లాంటి ఒత్తక్షరాలు లేనే లేవు. తమిళులకు దానితో ఏ ఇబ్బందీ లేదు, వాళ్ల ఒంటికి కొలిచి కుట్టిన చొక్కా అది. మేం అదే చొక్కాలో మా తెలుగును దూర్చాం. గుండీలు ఎక్కడెక్కడ ఊడాయో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. కనకమ్మ సత్రం అనే ఊళ్లో ఒక రైతు ఇంటికి ఇచ్చారు. ఎనిమిదో తరగతి దాకా తమిళ బడి. పిల్లలు కలగలేదు. పెద్దనాయన మంచివాడే, కాకపోతే ఎదురుగా ఉన్నది తప్ప ఇంకేదీ ఆయనకు కనిపించదు. అన్నం ఎదురుగా ఉంటే అన్నం చూస్తాడు, పొలం ఎదురుగా ఉంటే పొలం చూస్తాడు. ఎవరు వండారు, ఎవరు కలుపు తీశారు అన్నది ఆయన సబ్జెక్టు కాదు.

మా ప్రాంతంలో ప్రతి గోడకూ తేదీ క్యాలెండర్ వేలాడుతుంది. రోజుకొక కాగితం చింపాలి. దాని మీద తిథి, రాహుకాలం, ఒక్కో రాశికి ఒక్కో మాటగా ఆనాటి ఫలం ఉంటాయి: లాభం, చింత, శాంతి, అలసట. పెద్దనాయన తెల్లవారి లేచి కాగితం చింపి, తన రాశికి ఏముందో చదువుకుని, పెద్దమ్మ చేతికిచ్చి పొలానికి పోతాడు. మధ్యాహ్నం పనులయ్యాక పెద్దమ్మ దాని వెనక పక్క పెన్సిలు ముక్కతో నాలుగు వాక్యాలు రాసి ఇనుప కొక్కీకి గుచ్చుతుంది. ముందు పక్క ఆయనది, వెనక పక్క ఆమెది. నలభై ఏళ్లుగా అదే వరస.

ఆమె రచన మొదటిసారి జనంలోకి వెళ్లినప్పుడు నేను అక్కడే ఉన్నాను. బడి సెలవులు. పెద్దనాయన నెలనెలా కృత్తిక నాడు తిరుత్తణి కొండ మీది గుడికి పోతాడు. ఆ రోజు పెద్దమ్మ పొలానికి వెళుతూ, ఎవరైనా వస్తే తెలియాలని ‘ఆయన గుడికి పోయినాడు, చీకటి పడినాక గానీ రాడు’ అని రాసి, కాగితాన్ని తలుపు గొళ్లానికి తగిలించింది. గుడి అని తమిళ అక్షరాల్లో రాస్తే అది కుడి అవుతుంది. తమిళంలో కుడి అంటే తాగుడు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన తమిళాయనకు మిగతా తెలుగు ఎంత అర్థమైందో గానీ ఆ ముక్క మాత్రం బాగా అర్థమైంది. ఆయన టీ అంగట్లో చెప్పాడు. టీ అంగడివాడు ఊరికి చెప్పాడు. పొద్దు గూకాక నుదుటి నిండా విభూతితో బస్సు దిగిన పెద్దనాయనను నలుగురు పెద్దమనుషులు ఆపి నోరు వాసన చూశారు. వాసన రాకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. విభూతి నమిలితే వాసన పోతుందని వాళ్లలో ఒకాయనకు ఎవరో చెప్పారట.

పెద్దనాయన ఇంటికొచ్చి చిందులు తొక్కాడు. పెద్దమ్మ నిదానంగా అంది, “నేను రాసింది గుడే. చదివినోడి మనసులో తాగుడు ఉంటే నేనేం చేసేది?”

ఆయన ఆ కాగితాన్ని చదవను కూడా చదవకుండా ఉండ చుట్టి విసిరేశాడు.

ఆ ఏడే ఇంకొకటి జరిగింది. సెలవులైపోయినా జ్వరం వల్ల నేను వాళ్లింట్లోనే ఉండిపోతే పెద్దమ్మ మా బడికి చీటీ రాసిచ్చింది. కింద ‘పెద్దమ్మ’ అని సంతకం. తమిళ అక్షరాల్లో అది పెత్తమ్మ. తమిళంలో పెత్త అంటే కన్న. మాకు తమిళం చెప్పే టీచరమ్మ అది చూసి, మీ కన్నతల్లి చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకుని, మరుసటి వారం బడికొచ్చిన మా అమ్మను “మీరెవరు?” అని అడిగింది. అమ్మకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

“దిద్దకూడదా అక్కా?” అంది.

“తప్పు రాసింటే దిద్దేదాన్ని,” అంది పెద్దమ్మ.

ఇదీ మా ఇంట్లో నవ్వులాటగానే చలామణి అయింది. పిల్లలు లేని మనిషి ఆ చీటీని ఎందుకు దిద్దలేదో ఎవరూ ఆలోచించలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ తర్వాత నలభై ఏళ్లు వచ్చినా నేనూ ఆలోచించలేదు, అది వేరే సంగతి.

తిరువళ్లూరులో నేనొక కంపెనీ స్టోర్సులో ఉద్యోగం చేస్తాను. చెల్లెలి కూతురు ఒకసారి సెలవులకు పెద్దమ్మ దగ్గరికెళ్లి, కొక్కీకి ఉన్న కాగితాలు చూసి, ఫోటోలు తీసి రోజుకొకటి చొప్పున మా చుట్టాల వాట్సాప్ గుంపులో పెట్టడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి పెద్దమ్మకు కీర్తి వచ్చింది. కడంబత్తూరు నుంచి వెంగల్ దాకా మావాళ్లందరికీ పొద్దున్నే కాఫీతోపాటు పెద్దమ్మ కాగితం అలవాటైపోయింది.

మచ్చుకు కొన్ని:

‘పెండ్లిలో మొదటి బంతికి వడ వచ్చింది. రెండో బంతికి వడ వాసన వచ్చింది. మూడో బంతిలో వండినోళ్లం కూర్చున్నాము. ఆకు మాత్రం శుద్ధంగా ఉండింది. పాత కథ.’

‘నా రాశికి ఈ పొద్దు లాభం అని ఉండాది. సాయంత్రం దాకా వాకిట్లోనే చూసినాను. ఆయన చెల్లెలు నలుగురు పిల్లల్తో దిగింది. పది దినాలు ఉంటుందంట. పాత కథ.’

‘కొత్త మిక్సీ వచ్చింది. రోలుకు రెస్టు. దాని మీద ఆయన కూర్చుని పేపరు చదువుతా ఉండాడు. రెస్టు తీసుకోను నాకే యాడా మిక్సీ దొరకలేదు. పాత కథ.’

ప్రతి కాగితం చివరా ఆ రెండు మాటలు ఉండేవి. అది ఆమె ముద్ర అనుకున్నాం. మా గుంపులో అదొక ఊతపదమైపోయింది. బస్సు తప్పిపోతే పాత కథ. రేషన్ అంగట్లో పప్పు అయిపోతే పాత కథ. కడంబత్తూరు బావ ఒకాయన తన బండి వెనక రేకు మీద తమిళ అక్షరాల్లో రాయించుకున్నాడు. పెద్దమ్మకు డెబ్బై ఐదు నిండినప్పుడు పిల్లలు తెచ్చిన కేకు మీద కూడా పేరుకు బదులు అదే ఉంది. అందరం చప్పట్లు కొట్టి “పాత కథ! పాత కథ!” అని అరిచాం. పెద్దమ్మ నవ్వుతూ కత్తి తీసుకుని సరిగ్గా ఆ రెండు మాటల మధ్యన కోసింది.

సంఘం కార్యదర్శికి తిరువళ్లూరులో పాత్రల అంగడి. ఆయనకు ఉన్నట్టుండి తెలుగు భాషాభిమానం పొంగింది. సంఘం వార్షికోత్సవానికి పెద్దమ్మ రచనలను ‘పాత కథలు’ అనే పేరుతో తెలుగు అక్షరాల్లో అచ్చువేద్దామన్నాడు. మేమిద్దరం వెళ్లి పెద్దమ్మను అడిగాం.

“వేసుకోండి. నేను రాసిన మాట రాసినట్ల ఉండల్ల. ఒక్కటి మారినా నాకు పుస్తకమే వద్దు. నన్నెవురైనా సరిగా చదివితే చూడల్లని ఉండాది, అంతే,” అంది.

అంత సూటిగా ఆమె ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగదు. మేం దాన్ని కూడా హాస్యమనుకుని నవ్వి, కాఫీ తాగి వచ్చేశాం.

కార్యదర్శికి తొందరెక్కువ. తమిళాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చే యాప్ ఏదో ఫోనులో దొరికిందని కాగితాలన్నీ దానికి తినిపించాడు. అది మా తెలుగును ఇలా కక్కింది: ‘తేవుటు కుటిలో ఉన్నాటు. కాలివాన వచ్చింతి.’ దేవుడు గుడిలో ఉన్నాడు, గాలివాన వచ్చింది అని దానర్థం. కార్యదర్శి ఆ కాగితాలు పట్టుకుని నా దగ్గరికొచ్చి దిగులుగా అడిగాడు, “ఇది ఏం బాస అన్నా?”

“మనదే,” అన్నాను.

“చదివితే నాలిక మడత పడతా ఉండాది.”

ఆ విధంగా పని నా నెత్తిన పడింది. తిరుత్తణిలో ఐదో తరగతి దాకా నేను చదివింది తెలుగు బడిలో. అప్పట్లో అందులో చదివేవాళ్లం పట్టుమని పదిమందిమి లేము. ఆ బడి నాకు ఉద్యోగానికి పనికిరాలేదు, ప్రమోషనుకు పనికిరాలేదు, ఇదిగో, ఇలాంటి వెట్టిచాకిరీకి పనికొచ్చింది.

రెండు నెలలు ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఒక్కో మాటకూ గుంజాటన. తెలుగులోకి దించి, పెద్దమ్మ దగ్గరికెళ్లి చదివి వినిపించేవాణ్ణి. పెండ్లి కాగితం దగ్గర నేను “మొదటి పందికి వడ వచ్చింది” అని చదివాను. ఆ పెండ్లిలో మొదట తిన్నది కడంబత్తూరు బావ కాబట్టి నాకు అనుమానం కూడా రాలేదు.

“పంది కాదురా, బంతి,” అంది పెద్దమ్మ. కాసేపు ఆలోచించి, “పందే ఉండనీలే, బాగుండాది,” అంది. “లేదులే, నేను రాసింది బంతి. అదే వెయ్యి.”

ఇలా ఆమె నవ్వుతూ, తిడుతూ దిద్దేది. చివరి రెండు మాటలు మాత్రం నేను చదివేవాణ్ణి కాదు. అన్నింటికీ ఒకటే కదా, కాగితానికొకసారి చదవడం దేనికని వదిలేసేవాణ్ణి. ఆమె కూడా అడిగేది కాదు. నేను ఆగినచోట తానూ ఒక క్షణం ఆగి, “ఊ, తర్వాత?” అనేది.

ఒక ఆదివారం నాడు మా అమ్మమ్మ పోయిననాటి కాగితం దొరికింది. ముందు పక్క అమ్మమ్మ పోయిన తేదీ, పెద్దమ్మ రాశికి ‘శాంతి’ అనే మాట. వెనక పక్క ఇలా ఉంది:

‘అమ్మ పోయింది. ఏడుద్దామని మూలన కూర్చుంటి. ఒకరొచ్చి చక్కెర యాడుందని అడిగినారు. ఇంకొకరొచ్చి గ్లాసులు యాడుండాయని అడిగినారు. కాఫీ అందరికీ అందింది. ఏడుపు రేపటికి పెట్టుకుంటి.’

కింద అవే రెండు మాటలు. అలవాటుగా ‘పాత కథ’ అని రాయబోయాను. చెయ్యి ఆగింది. తల్లి పోయిననాడు ఎవరైనా పాత కథ అని రాస్తారా? తల్లి పోవడం ఎవరికి పాత? ఆ నాలుగు అక్షరాలను మళ్లీ చూశాను. ప, బ ఒకటే. త, ద ఒకటే. క, గ ఒకటే. ఒత్తులు లేవు.

బాధ గద.

కట్ట మొత్తం మళ్లీ తిరగేశాను. మూడో బంతి, శుద్ధమైన ఆకు, బాధ గద. పది దినాలు ఉంటుందంట, బాధ గద. నాకే యాడా మిక్సీ దొరకలేదు, బాధ గద. నలభై ఏళ్లుగా మమ్మల్ని నవ్వించి, ప్రతిసారీ చివర మా భుజం తట్టి అడుగుతూ ఉంది ఆమె. మేం తిరిగి చూసి పళ్లికిలించాం. కేకు మీద ఆ మాటలే రాయించి చప్పట్లు కొట్టాం. నాకు సిగ్గేసింది, చెప్పలేనంత సిగ్గేసింది.

పెద్దమ్మ వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

“పెద్దమ్మా, అన్నిటికీ కింద రెండు మాటలు రాసినావే, అదేంది?”

“అందరికీ తెలుసే. మొన్న కేకు మీద కూడా ఉన్నింది గదా.”

“పాత కథనా?”

“అట్ల చదివితే అట్ల.”

“ఇంకోలాగ చదివితే?”

ఆమె చేతులు ఆగాయి. నా వైపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు, తప్పిపోయిన గేదె సాయంత్రానికి ఇంటికొస్తే చూసినట్టు చూసింది.

“ఇంకోలాగ చదివినోడివి నువ్వొకడివే. అదీ తల నెరిసినాక,” అంది.

“అయితే పుస్తకంలో ఏం వెయ్యమంటావు?”

“నన్నెందుకు అడుగుతావు? నాకు రాను కూడా రాని అక్షరాలు అవి. నువ్వు రాస్తావు, ఎవురైనా చదివి చెప్తారులే.”

“ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?”

“నవ్వుతా ఉన్నారు గదా, నవ్వనీ అనుకుంటి. నవ్వేది ఆపి చెప్పు అని ఎవురూ అడగలేదు,” అని మళ్లీ చింతపండులో పడింది.

ఇప్పుడు నా పిరికితనం చెప్పాలి. తమిళ అక్షరాల్లో ఆ రెండు అర్థాలూ ఒక్క దుప్పటి కింద సర్దుకుని పడుకుని ఉన్నాయి. తెలుగు అక్షరాలు అలా ఊరుకోవు. పాత అయితే పాత, బాధ అయితే బాధ. తేల్చమంటాయి. బాధ అని తేలిస్తే ఎవరి వల్ల బాధ అన్న ప్రశ్న వస్తుంది. జవాబు సభలో వేదిక మీద శాలువా కప్పుకుని కూర్చుంటుంది. పైగా ‘పాత కథలు’ అని అట్ట అచ్చయిపోయింది. నవ్వుకోవడానికి వచ్చే జనం. ఒక రాత్రంతా దొర్లి, పొద్దున లేచి, పుస్తకానికి ఏరిన అరవై మూడు కాగితాలకూ అరవై మూడుసార్లు ‘పాత కథ’ అనే రాసి అచ్చుకిచ్చాను. ఒక్క మాట మారినా పుస్తకమే వద్దన్న మనిషికి నేను చేసింది అది. ఆమెకు చదవను రాదు కదా అనుకున్నాను. ఇంతకన్నా నీచమైన ఆలోచన నాకు జీవితంలో రాలేదు.

అచ్చు దగ్గర కార్యదర్శికి ఇంకో భయం పట్టుకుంది. తెలుగు పుస్తకం సరే, చదివేదెవరు? సంఘంలో పిల్లలందరూ తమిళమే చదువుతారు. పెద్దలూ అంతే. అందుకని ఆయన నన్నడక్కుండానే ఎడమ పక్క నా తెలుగు, కుడి పక్క పెద్దమ్మ తమిళ అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు వేయించాడు. అంటే, తమిళ అక్షరాల్లో ఉన్నదాన్ని నేను రెండు నెలలు కష్టపడి ఎవరూ చదవని అక్షరాల్లోకి మార్చాను. ఆయన దాని పక్కనే మళ్లీ పాతదే వేసి అందరూ చదివే ఏర్పాటు చేశాడు. సంఘం సేవ అంటే ఇలాగే ఉంటుంది.

వార్షికోత్సవం తిరుత్తణిలో, కొండ కనిపించే ఒక కల్యాణ మండపంలో జరిగింది. కిందటి రోజు పెండ్లి జరిగినట్టుంది, వేదిక మీద ‘నవదంపతులకు స్వాగతం’ అన్న బోర్డు తీయలేదు. దాని కిందనే పెద్దమ్మనూ పెద్దనాయననూ కూర్చోబెట్టారు. పుస్తకం పంచగానే జనమంతా ఒక్కసారిగా కుడి పక్క పేజీలోకి తలలు దూర్చి నవ్వడం మొదలెట్టారు. ఎడమ పక్కను చూసినవాడు ఒక్కడూ లేడు. నేను చదివి వినిపించాలని కార్యక్రమంలో ఉంది. అయితే పెద్దనాయనకు శాలువా కప్పిన ఊపులో కార్యదర్శి మైకు ఆయన చేతికే ఇచ్చి, “మామా, మీరొకటి చదవండి,” అన్నాడు.

పెద్దనాయన పెద్దమ్మ రాసినదాన్ని ఎన్నడూ చదవలేదు. ఆయనకు వాట్సాప్ లేదు. కేకు కోసిన రోజున కూడా నాట్లని పొలంలోనే ఉండిపోయాడు. పాత కథ అన్న ఊతపదం చుట్టాలందరిలో ఆయన ఒక్కడికే తెలియదు.

కళ్లద్దాలు సర్దుకుని మధ్యలో ఎక్కడో తెరిచాడు. కుడి పక్క పేజీ. పేపరు చదివే గొంతుతో, మాట మాటా విడదీసి మొదలుపెట్టాడు.

“ఆయన నెలనెలా కొండకు పోతాడు. ఇప్పుడు బస్సు కాదు, సొంత బండి. నన్ను కూడా తీసుకపో అంటే బండిలో చోటు లేదు అంటాడు. బండికి వెనక సీటు ఉండాది. పోయేటప్పుడు దాని మీద దేవుడు కూర్చుంటాడేమో. వచ్చేటప్పుడైనా ఖాళీగా వస్తుంది గదా.”

సభంతా విరగబడి నవ్వింది. చివరి మాటలు తామే అందుకుందామని పిల్లలు నోళ్లు తెరిచి సిద్ధంగా ఉన్నారు. పెద్దనాయన ఆ నాలుగు అక్షరాల దగ్గర ఆగాడు. పేజీని దగ్గరికి తెచ్చుకున్నాడు. పైన చదివినదాన్ని బట్టి అక్కడ ఏ మాట ఉండాలో ఆయనకు తోచినట్టు చదివాడు.

“బాధ గద.”

పిల్లలు “పాత కథ!” అని అరిచారు. ఆ అరుపు సగంలోనే సన్నగిల్లింది. పెద్దనాయన మైకు పట్టుకునే పెద్దమ్మ వైపు తిరిగాడు. ఆయన మామూలుగానే అరిచి మాట్లాడతాడు, మైకుతో ఆ గొంతు వీధి దాకా పోయింది.

“ఏమ్మే, బాధ అని రాసినావే. ఎవురికి?”

మండపంలో వంటవాళ్లు కూడా గరిటెలు ఆపారు. పెద్దమ్మ ఆయన్ని చూసింది.

“ఇంకా ఉండాయి. చదువు,” అంది.

ఆయన చదివాడు. వడ వాసన చదివాడు, బాధ గద అన్నాడు. చెల్లెలు పది దినాలు ఉండడం చదివాడు, బాధ గద అన్నాడు. చక్కెర యాడుందని అడిగింది చదివేటప్పటికి నవ్వేవాళ్లు లేరు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఎందుకంటే ఆ రోజు గ్లాసులు అడిగింది ఆమే. కడంబత్తూరు బావ మెల్లగా లేచి బయటికెళ్లి తన బండిని, వెనక రేకు గోడ వైపు ఉండేలా తిప్పి పెట్టి వచ్చాడు.

అన్నీ అయ్యాక పెద్దమ్మ పుస్తకం తీసుకుని నన్ను పిలిచింది. ఎడమ పక్క పేజీ చివర, తనకు రాని అక్షరాల మీద వేలు పెట్టింది.

“నీ పక్క ఏముందిరా?”

అబద్ధం చెబితే ఆమెకు తెలిసే దారి లేదు. కార్యదర్శి తెలుగు కూడబలుక్కుని చెప్పేటప్పటికి ఇంకో వార్షికోత్సవం వస్తుంది. అయినా నోరు రాలేదు.

“తప్పు పడింది పెద్దమ్మా. నేనే వేసినాను.”

“ఎన్ని చోట్ల?”

“అన్ని చోట్లా.”

“అయితే దిద్దు,” అంది.

అప్పట్నుంచి ఆదివారాలు మళ్లీ పోయాయి. నల్లసిరా పెన్ను జేబులో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. వెంగల్‌లో పదకొండు పుస్తకాలు, కడంబత్తూరులో ఇరవై. వెళ్లి, మీ పుస్తకం ఒకసారి ఇవ్వండి, తెలుగులో తప్పులున్నాయి అంటాను. ఏ పక్క తెలుగు అని అడుగుతారు. చూపిస్తాను. ఓహో, అది తెలుగా, డిజైను అనుకున్నాం అంటారు. కూర్చుని అరవై మూడు చోట్ల ‘పాత కథ’ కొట్టేసి పైన ‘బాధ గద’ అని రాస్తాను. ఎవరూ చదవని పేజీలో ఎవరికీ తెలియని తప్పును దిద్దుతున్న నన్ను చూసి మా ఆవిడ డాక్టరుకు చూపిద్దామంటోంది.

కనకమ్మ సత్రం చివరికి పెట్టుకున్నాను. నేను వెళ్లేటప్పటికి పెద్దనాయన కుర్చీలో కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుతున్నాడు. ఇవ్వమన్నాను.

“ఎందుకు? నా పక్క సరిగానే పడి ఉండాది,” అన్నాడు. “తప్పు నీ పక్కే గదా. నువ్వు నీ పక్క దిద్దుకో, నేను నా పక్క చదువుకుంటాను.”

నేను ముక్కాలిపీట లాక్కుని ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుని, ఎడమ పేజీల మీద పని మొదలుపెట్టాను. ఆయన నాకోసం ఆగడు, నేను ఆయనకోసం తొందరపడను. నాలుగు పేజీలయ్యాక ఆయన తలెత్తి, వంటింట్లోకి వినపడేలా అడిగాడు.

“ఏమ్మే, బండి సంగతి నాతో ఒక మాట చెప్పింటే కాదా? ఇవన్నీ నలభై ఏండ్లు ఎందుకు దాచిపెట్టినావు?”

పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది.

“దాచిపెట్టింది ఎవురయ్యా? ఆ కొక్కీ యాడుందో చూడు,” అంది.

ఇద్దరం తలెత్తి చూశాం. ఆయన కుర్చీకి సరిగ్గా పైన, ఆయన కూర్చుంటే కాగితాల అంచులు తలకు తగిలేంత దగ్గర్లో గోడకు దిగేసి ఉంది.

“నీ నెత్తిన తగలల్లనే ఆడ గుచ్చినాను. దినానికొకసారి పక్కకు తోసి కూర్చుంటివి.”

పెద్దనాయన ఆ కొక్కీ వైపు చూసి, కళ్లద్దాలు తుడుచుకుని పేజీ తిప్పాడు.